ఉప్పుగాలి ఊళ్లో చప్పుడు చేయని ఫైల్ సర్వర్: ఇంట్లో మనమే కట్టుకునే విధానం

మా ఇల్లు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో. బాల్కనీ గ్రిల్‌కి రెండేళ్లకోసారి పెయింట్ వేయించకపోతే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. కొత్త తాళం కొన్న ఏడాదికే తాళంచెవి మొరాయిస్తుంది. ఇవన్నీ కళ్లతో చూస్తూ కూడా తాతయ్య గొంతు రికార్డింగులు, అక్క పెళ్లి వీడియోలు, పదిహేనేళ్ల ఫోటోలు అన్నీ ఒకే ఒక్క ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేసి బీరువాలో దాచాను. ఓ సంక్రాంతికి తీసి చూస్తే యూఎస్‌బీ పిన్నుల మీద ఇత్తడి చెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము. గీకి, కేబుల్ మార్చి పెడితే డిస్క్ తిరిగింది కానీ తెరుచుకోలేదు. లోపల్నుంచి టిక్, టిక్, టిక్ అని ఒకటే చప్పుడు. బాగుచేసే షాపుకి తీసుకెళ్తే వారం ఉంచుకుని ఇక లాభం లేదన్నారు. పెళ్లి వీడియోలు బావ దగ్గర ఇంకో కాపీ ఉండబట్టి దొరికాయి. తాతయ్య గొంతు మాత్రం ఇక లేదు.

ఆ తర్వాత కట్టుకున్నదే ఈ సర్వర్, అంటే ఇంట్లో అందరి ఫైళ్లూ ఒకచోట దాచి, అడిగినప్పుడు ఇచ్చే కంప్యూటర్. హాల్లో మూల గూట్లో ఉంటుంది, రాత్రింబవళ్లు నడుస్తుంది, దానికి ఆరడుగుల దూరంలో దివాన్ మీద అమ్మ నిద్రపోతుంది. కట్టేటప్పుడు నాకు అర్థమైన అసలు సంగతి ఒకటుంది. చప్పుడు తగ్గించడం, ఎక్కువ కాలం మన్నేలా చూడటం రెండు వేరు వేరు పనులు కావు. నెమ్మదిగా తిరిగేది, తక్కువ వేడెక్కేది, తక్కువ కరెంటు తీసుకునేది చప్పుడూ తక్కువే చేస్తుంది, ఎక్కువ కాలమూ ఉంటుంది. ప్రతి వస్తువూ ఈ లెక్కనే ఎంచుకోండి.

ముందు ఎంత జాగా కావాలో లెక్క వేసుకోండి

ఇంట్లో అందరి ఫోన్లు, లాప్‌టాప్‌లు, పాత పెన్‌డ్రైవ్‌లు ముందేసుకుని ఎంత డేటా ఉందో కాగితం మీద కూడండి. దాన్ని మూడుతో గుణిస్తే నాలుగైదేళ్లకు సరిపోతుంది. మా ఇంట్లో 900 జీబీ తేలింది, అందుకే 4 టీబీ డిస్క్‌లు తీసుకున్నాను. 4 టీబీ డిస్క్ పెడితే కంప్యూటర్‌లో 3.6 దగ్గర చూపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కవేస్తే కంప్యూటర్ 1024తో లెక్కవేస్తుంది, అంతే, మోసమేమీ లేదు. అందులోనూ ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

డిస్క్‌లు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

బడ్జెట్‌లో సగం డిస్క్‌లకే పోతుంది, పోవాలి కూడా. రెండు డిస్క్‌లు కొనండి. ఒకదానిలో ఉన్నది ఉన్నట్టుగా రెండోదానిలో కూడా రాసుకునే పద్ధతిని మిర్రర్ అంటారు. ఒకటి పోయినా ఇంకొకటి పని చేస్తూనే ఉంటుంది. మూడు, నాలుగు డిస్క్‌లతో జాగా కలిసొచ్చే పద్ధతులు ఉన్నాయి. కానీ డిస్క్ పెరిగిన కొద్దీ చప్పుడు, వేడి, కరెంటు పెరుగుతాయి. మామూలు ఇంటికి రెండు పెద్ద డిస్క్‌లే మేలు.

కొనేముందు చూడాల్సిన మాట సీఎంఆర్. డిస్క్‌లో డేటాను గీతలుగా రాస్తారు. సీఎంఆర్‌లో గీతలు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ అనే రకంలో ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్క వరసంతా కదపాలి కదా, అలాగే ఎస్‌ఎంఆర్ డిస్క్ తిరగరాయడానికి చాలా సమయం తీసుకుంటుంది. పాడైన డిస్క్ తీసి కొత్తది పెట్టినప్పుడు ఈ నెమ్మదితనమే కొంప ముంచుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరసలోని కొన్ని డిస్క్‌లు ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవే జరిగింది. ఆ తర్వాత రెడ్ ప్లస్ అని సీఎంఆర్ వాటిని వేరుగా అమ్ముతున్నారు. సీగేట్‌లో ఐరన్‌వోల్ఫ్ వరస సీఎంఆర్.

రెండోది వేగం. నిమిషానికి 5400 చుట్లు తిరిగేది తీసుకోండి, 7200ది వద్దు. మామూలు గిగాబిట్ ల్యాన్ మీదుగా సెకనుకు 110 ఎంబీ మించి వెళ్లదు, 5400 డిస్క్ పెద్ద ఫైళ్లను అంత వేగంతో హాయిగా ఇస్తుంది. మిగతా వేగమంతా చప్పుడుకే. 8 టీబీ దాటిన సైజుల్లో చాలావరకు 7200వే వస్తాయి కాబట్టి డబ్బులున్నాయని పెద్ద సైజుకి పోయేముందు స్పెసిఫికేషన్ పేజీ చదవండి.

రెండు డిస్క్‌లూ ఒకే రోజు ఒకే షాపులో కొనకండి. ఒకే బ్యాచ్‌లో తయారైనవాటికి ఒకే లోపం ఉంటే రెండూ దగ్గర దగ్గరగా పోతాయి. నేను ఒకటి ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపులో కొన్నాను. సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి, వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో అక్కడే నిలబడి చూసుకున్నాకే డబ్బులిచ్చాను. రెండోది ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పల్చటి ప్లాస్టిక్ కవర్లో, చుట్టూ ఏ దూదీ ఫోమూ లేకుండా వచ్చింది. పెట్టకుండానే వాపస్ పంపాను. డిస్క్ విషయంలో మొహమాటం వద్దు.

బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్

ఫైళ్లు దాచి ఇవ్వడానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 నాలుగు కోర్లతో 6 వాట్ల రకం. ఇది అతికించి వచ్చే చిన్న బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ మీద ఫ్యాన్ కూడా ఉండదు, అల్యూమినియం రెక్కలే సరిపోతాయి. కొనేముందు డిస్క్‌లు తగిలించే సాటా పోర్టులు లెక్కపెట్టండి, కొన్ని ఎన్100 బోర్డులకు ఒక్కటే ఉంటుంది. యూఎస్‌బీ డబ్బాల్లో డిస్క్ పెట్టి సర్దుకుందాం అనుకోకండి. ఆ కనెక్షన్ మధ్యలో తెగి అతుక్కోవడమే మిర్రర్‌కి పెద్ద శత్రువు.

ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే అదీ పనికొస్తుంది. మొదట్లో నాదీ అదే. దాని బోర్డు, ర్యామ్ ఉంచి, లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ మాత్రం మార్చండి. సముద్రం గాలిలో ఏడెనిమిదేళ్లు గడిపిన ఎస్‌ఎంపీఎస్‌ని నమ్మి కొత్త డిస్క్‌లు దానికి తగిలించకూడదు. పేరున్న కంపెనీది, తక్కువ వాట్లది చాలు.

ర్యామ్ 8 జీబీ కనీసం, 16 ఉంటే నిశ్చింత. ఆపరేటింగ్ సిస్టమ్‌కి విడిగా 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి పెట్టండి. ఎన్100 బోర్డుతో, రెండు డిస్క్‌లతో మొత్తం 25 వాట్ల దగ్గర తీసుకుంటుందనుకుంటే నెలకు 18 యూనిట్లు. నిత్యం నడిచే ఫ్రిజ్‌తో పోలిస్తే చిన్న ఖర్చే.

చప్పుడు ఎక్కడ పుడుతుంది

మొదటి రోజు రాత్రి సర్వర్‌ని చెక్క షోకేస్ మీద పెట్టి పడుకున్నాను. లైట్లన్నీ ఆర్పాక మొదలైంది: గుంయ్‌మని ఒక మూలుగు, నాలుగైదు సెకన్లకోసారి పెరుగుతూ, తగ్గుతూ. అమ్మ లేచి, "బయట ఏదో మోటార్ ఆన్‌లో ఉండిపోయినట్టుంది రా, వెళ్లి చూడు" అంది. సంపు మోటార్ కాదు, నా డిస్క్‌లే. నిమిషానికి 5400 అంటే సెకనుకు 90 చుట్లు. రెండు డిస్క్‌లూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగవు, ఆవగింజంత తేడా ఉంటుంది. ఆ రెండు మూలుగులు కలిసినప్పుడు ఒకసారి కూడుకుంటాయి, ఒకసారి కొట్టేసుకుంటాయి. దాన్నే షోకేస్ చెక్క వీణ కుండలా పెద్దది చేసి వినిపిస్తోంది. షోకేస్ మీద అరచెయ్యి గట్టిగా ఆనిస్తే చప్పుడు సగానికి పడిపోయింది. అప్పుడు తెలిసింది, చప్పుడు చేస్తున్నది డిస్క్ కాదు, దాని కింద ఉన్న చెక్క అని.

మందు మన ఇళ్లలోనే ఉంది. గోడ గూట్లో కడప రాయి అర ఉంటే సర్వర్‌కి అంతకంటే మంచి చోటు లేదు. ఆ బరువుని 90 చుట్ల అదురు కదపలేదు. చెక్క బల్ల, ఇనుప బీరువా, ఖాళీ అటక పనికిరావు. క్యాబినెట్ కాళ్ల కింద మెత్తటి రబ్బరు పెట్టండి. నేను పాత హవాయి చెప్పుల అరికాలు కోసి నాలుగు ముక్కలు పెట్టాను, ఇప్పటికీ అవే ఉన్నాయి. గట్టి రబ్బరు వద్దు, బొటనవేలితో నొక్కితే దిగాలి. క్యాబినెట్ లోపల డిస్క్‌ని ఇనుప చట్రానికి నేరుగా బిగించకుండా మధ్యలో రబ్బరు వాషర్లు ఉండేదాన్ని ఎంచుకోండి, స్క్రూలు ఆ రబ్బరు నలిగిపోయేంతగా బిగించకండి. రాయి, రబ్బరు, వాషర్లు ఈ మూడూ పడ్డాక మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే సర్వర్ వినపడదు. ఫ్యాన్ ఆపి చెవి దగ్గర పెడితేనే డిస్క్ చదివేటప్పటి కరకర వినిపిస్తుంది.

ఫ్యాన్ల సంగతి తేలికే. చిన్నవి రెండు వేగంగా తిరిగే బదులు 120 లేదా 140 మిల్లీమీటర్ల పెద్దది ఒకటి నెమ్మదిగా, డిస్క్‌ల మీదుగా గాలి పోయేలా పెట్టండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) దాని వేగాన్ని 600, 700 చుట్ల దగ్గర ఆపండి. ఫ్యాన్ అసలే లేకపోతే ఇంకా నిశ్శబ్దం కదా అని తీసేయకండి. మే నెలలో మన గదులే 34, 35 డిగ్రీలు ఉంటాయి. డిస్క్ 45 లోపు ఉంటే మంచిది, 50 దాటితే గాలి సరిపోవడం లేదని అర్థం.

ఉప్పు, తేమ, దుమ్ము

చాలామంది సర్వర్‌ని రాత్రి ఆపేసి పొద్దున వేస్తే ఎక్కువ కాలం వస్తుందనుకుంటారు. సముద్రం పక్కన దీనికి ఉల్టా. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే ఉప్పు రేణువు ఆ తేమను పీల్చుకుని చెమ్మగా మారుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే చూస్తాం కదా, అదే. ఆ ఉప్పునీటి చుక్కే రాగిని తినేది. విశాఖలో తేమ ఆ గీత దాటే రోజులు కొల్లలు. నిత్యం నడిచే సర్వర్ లోపల గది కంటే ఐదారు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది, వెచ్చటి గాలిలో తేమ శాతం తగ్గుతుంది, ఉప్పు పొడిగానే ఉండిపోతుంది. అందుకే మాది ఆపను. డిస్క్‌లు కాసేపటికి నిద్రపోయే సెట్టింగ్ కూడా తీసేశాను. మాటిమాటికీ ఆగి తిరగడం కంటే ఒకేలా తిరగడమే వాటికి తేలిక.

సముద్రం వైపు తెరుచుకునే కిటికీ దగ్గర, బాల్కనీలో, వంటగది గోడకి ఆనించి పెట్టకండి. ఏసీ చల్లగాలి నేరుగా తగిలే చోటూ వద్దు. పోర్టు దగ్గర, వన్‌టౌన్ వైపు ఇళ్లున్నవాళ్లకి నల్లటి దుమ్ము బెడద ఉంది. గాలి లోపలికి వెళ్లే చోట కడుక్కునే జాలీ ఫిల్టర్ పెట్టి నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. కొత్త డిస్క్‌ని ఏసీ కారులోంచి ఇంట్లోకి తెస్తే రెండు, మూడు గంటలు కవర్ విప్పకుండా ఉంచండి. చల్లటి లోహం మీద మన గాలిలోని తేమ చల్లటి సీసా మీద పట్టినట్టు పడుతుంది.

కరెంటు

యూపీఎస్ లేకుండా సర్వర్ పెట్టకండి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు. రాస్తూ ఉండగా కరెంటు పోవడం ఫైళ్లకి మంచిది కాదు, పోయిన కరెంటు వస్తూ పోతూ కొట్టుకోవడం డిస్క్‌లకి ఇంకా చెడ్డది. 600 వీఏ యూపీఎస్ ఈ చిన్న సర్వర్‌కీ రూటర్‌కీ చాలు. కానీ ఆ సైజులో చవకవాటికి చాలావరకు యూఎస్‌బీ డేటా పోర్టు ఉండదు. పోర్టు ఉన్నదే అడిగి తీసుకోండి, ఎందుకంటే కరెంటు పోయిందని యూపీఎస్ సర్వర్‌కి చెప్పేది ఆ తీగ ద్వారానే. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా యూపీఎస్ కావాలి. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ అనే బటన్ ఉంటే అది వేసి ఉంచండి, మారే సమయం తగ్గుతుంది.

సర్వర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ట్రూనాస్ (పెట్టే విధానం కింద చెప్తాను). అందులో యూపీఎస్ సర్వీస్ ఆన్ చేసి, బ్యాటరీ మీదకి వచ్చాక ఐదు నిమిషాలకి సర్వర్ దానంతటదే పద్ధతిగా ఆగిపోయేలా పెట్టండి. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే ఆన్ అవ్వాలన్న సెట్టింగ్ కూడా వేయండి. తర్వాత నిజంగా గోడ స్విచ్ ఆపి, గడియారం పట్టుకుని చూడండి. యూపీఎస్ బ్యాటరీ రెండు, మూడేళ్లకి అయిపోతుంది కాబట్టి ఈ పరీక్ష ఆర్నెల్లకోసారి చేయాలి. ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

డేటా వేసేముందు డిస్క్‌లని పరీక్షించండి

కొత్త డిస్క్ పోయేదుంటే చాలాసార్లు మొదట్లోనే పోతుంది. ముందు స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే పట్టిక, తెరిచి పవర్ ఆన్ అవర్స్ (ఎన్ని గంటలు నడిచింది) చూడండి. కొత్త డిస్క్‌కి సున్నాకి దగ్గరగా ఉండాలి, వందల గంటలు ఉంటే అది వాడిన సరుకు. తర్వాత స్మార్ట్ లాంగ్ టెస్ట్, ఆపైన బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ అంతా నాలుగు సార్లు రాసి, నాలుగు సార్లు చదివించండి. ఇది డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది కాబట్టి ఖాళీ డిస్క్ మీదే చేయాలి. 4 టీబీకి రెండున్నర రోజులు పట్టొచ్చు. అయ్యాక మళ్లీ లాంగ్ టెస్ట్. స్మార్ట్ పట్టికలో 5, 197, 198 నంబర్ల వరసల్లో సున్నాలే ఉంటే డిస్క్ పాస్. 199 పెరిగితే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, సాటా కేబుల్‌ది. మార్చి చూడండి.

ట్రూనాస్ పెట్టడం

ట్రూనాస్ ఉచితం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎస్‌ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేయాలి. ఆ తర్వాత మానిటర్, కీబోర్డ్ అక్కర్లేదు, లాప్‌టాప్ బ్రౌజర్‌లోనే అన్ని పనులూ జరుగుతాయి. రూటర్‌లోకి వెళ్లి సర్వర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా) వచ్చేలా రిజర్వ్ చేయండి. సర్వర్‌కి వైఫై వద్దు, తీగే.

స్టోరేజ్‌లో డిస్క్‌లను కలిపి ఒకే జాగాగా చూపే కొత్త పూల్ తయారుచేసి, రెండు డిస్క్‌లు ఎంచుకుని మిర్రర్ అని పెట్టండి. దీని వెనకున్నది జడ్‌ఎఫ్‌ఎస్, సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో బయటపెట్టిన ఫైల్ సిస్టమ్. నాకు ఇది నచ్చడానికి కారణం ఒక్కటే. రాసిన ప్రతి ముక్కకీ ఒక చెక్‌సమ్ (ఆ ముక్క నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్య) విడిగా రాసిపెట్టుకుని, చదివేటప్పుడు సరిచూస్తుంది. ఒక డిస్క్‌లో ముక్క చెడిపోతే రెండోదాన్లోంచి మంచిది తెచ్చి అక్కడ సరిచేస్తుంది. ఎవరూ తెరవని ఫోటోల కోసం స్క్రబ్ అనే పని ఉంది, డిస్క్ మొత్తాన్ని వరసగా చదివి సరిచూస్తుంది. నెలకోసారి జరిగేలా ఉంచండి.

పూల్‌లో అందరివీ కలిపి కుప్ప పోయకుండా ఫోటోలు, కాగితాలు, ఒక్కొక్కరి సొంత ఫైళ్లకు విడివిడిగా డేటాసెట్‌లు, అంటే వేరు వేరు అరలు, చేయండి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్. ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ఎస్‌ఎంబీ షేర్ పెడితే విండోస్, మ్యాక్, ఫోన్ అన్నిట్లోనూ తెరుచుకుంటుంది. ఫోన్ ఫోటోలు వాటంతటవే సర్వర్‌కి చేరడానికి ఇమిచ్ యాప్ బాగుంటుంది. అమ్మ ఫోన్‌లో పెట్టాక నేను మళ్లీ ముట్టుకోలేదు.

స్నాప్‌షాట్‌లు, అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచే గుర్తులు, మరిచిపోవద్దు. గంటకొకటి తీసి రెండు వారాలు, రోజుకొకటి తీసి మూడు నెలలు ఉంచండి. మారిన ముక్కల మేరకే జాగా తీసుకుంటుంది. మా మేనల్లుడు ఆటలో ఒక ఏడాది ఫోటోల ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశాడు. అక్క కంగారుపడి ఫోన్ చేసింది. విండోస్‌లో అది ఉన్న పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రీవియస్ వర్షన్స్‌లో పొద్దున పదింటిది ఎంచుకుంటే రెండు నిమిషాల్లో అన్నీ వచ్చేశాయి.

బయట ఊళ్లోంచి చూసుకోవాలంటే రూటర్‌లో పోర్టులు (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారులు) తెరవకండి. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ ఫైల్ సర్వర్ పెట్టెల్లోకి దూరి ఫైళ్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. మన పరికరాల మధ్య రహస్య దారి వేసే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకుంటే పోర్టు తెరవకుండానే మీ ఫోన్‌కి మాత్రమే దారి ఉంటుంది.

ఇంకో ఊళ్లో ఇంకో కాపీ

మిర్రర్ బ్యాకప్ కాదు. పిడుగు పడినా, దొంగ ఎత్తుకుపోయినా, ఇంట్లోకి నీళ్లొచ్చినా రెండు డిస్క్‌లూ కలిసే పోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు పగిలి వాన అడ్డంగా గదుల్లోకి కొట్టింది, రోజుల తరబడి కరెంటు లేదు.

కాబట్టి ఇంకో రెండు డిస్క్‌లు విడిగా కావాలి. వాటికి ఎస్‌ఎంఆర్ చవకవైనా పరవాలేదు. ఒకటి ఇంట్లో, గాలి దూరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో. నెలకోసారి తీసి కాపీ చేసి మళ్లీ లోపల పెట్టండి, పొట్లాలు ఏడాదికోసారి మార్చండి. రెండోది ఇంకో ఊళ్లో. విజయనగరంలో చుట్టాలున్నా అక్కడ వద్దు, ఒకే తుపాను రెండు ఊళ్లనూ తాకగలదు. మాది హైదరాబాద్‌లో అక్కా వాళ్ల ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి వాళ్లు వచ్చేటప్పుడు పాతది తెస్తారు, వెళ్లేటప్పుడు కొత్తది పట్టుకెళ్తారు. రైల్లో పోయే డిస్క్ కాబట్టి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని తాళం) తప్పనిసరి.

మూడు నెలలకోసారి బ్యాకప్ డిస్క్‌ని సర్వర్‌కి కాకుండా వేరే కంప్యూటర్‌కి తగిలించి, కళ్లు మూసుకుని ఏదో ఒక ఫోల్డర్ ఎంచుకుని ఫోటోలు తెరిచి చూడండి. తెరుచుకుంటే ఆ కాపీ ఉన్నట్టు. తెరిచి చూడని కాపీని నేను లెక్కలోకి తీసుకోను.

నిశ్శబ్దంగా ఉండే సర్వర్‌తో ఒక ఇబ్బంది ఉంది, పాడైనా నిశ్శబ్దంగానే పాడవుతుంది. అందుకే ఈమెయిల్ హెచ్చరికలు పెట్టి, పరీక్ష మెయిల్ నిజంగా ఫోన్‌కి వచ్చిందో లేదో చూసుకోండి. తర్వాత ఒక డిస్క్ కేబుల్‌ని సర్వర్ ఆపి తీసి, మళ్లీ ఆన్ చేయండి. పూల్ డీగ్రేడెడ్ (ఒక డిస్క్ లేకుండా నడుస్తోంది) అని మెయిల్ రావాలి, ఫైళ్లు మాత్రం మామూలుగానే తెరుచుకోవాలి. ఆపి కేబుల్ పెట్టేస్తే అదే సర్దుకుంటుంది. డిస్క్ నిజంగా పోయిన రోజు చేతులు వణక్కుండా ఉండాలంటే ఈ పని ఒకసారి ముందే చేసి ఉండాలి. ప్రతి డిస్క్ అంచు మీద దాని సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు కనపడేలా చీటీ అంటించండి, తీయాల్సింది వదిలేసి బాగున్నది తీసే పొరపాటు జరగదు.

ఆఖరి పని కాగితం మీద. సర్వర్ ఐపీ, ఎవరి పాస్‌వర్డ్ ఎక్కడుంది, బ్యాకప్ డిస్క్ తాళం, కరెంటు ఎక్కువసేపు పోతే ఏ బటన్ నొక్కాలి, ఇవన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఇంటి దస్తావేజులున్న కవర్లో పెట్టాను. నేను ఊళ్లో లేని ఒక వాన రాత్రి అమ్మ ఆ కాగితం చూసి, కళ్లద్దాలు పెట్టుకుని, తనే సర్వర్ ఆపి, పొద్దున మళ్లీ ఆన్ చేసింది.